ఆకు కనెక్షన్

నా తల వెంట్రుకల పాయ ఒకటి కరీంనగర్‌లోని మా ప్రయోగశాలలో, తాళం వేసిన బీరువాలో, గాజు గొట్టంలో భద్రంగా ఉంది. ఎవరు మాంసం తిన్నారో ఎవరు తినలేదో తేల్చే యంత్రానికి అదే కొలబద్ద. "పుట్టు శాకాహారి మీరే ఉండగా బయట వెతకడం ఎందుకు వకుళ గారూ" అని మా డైరెక్టర్ ఉపేంద్ర గారు అంటే, తల వెనక పెన్సిలు మందాన కత్తిరించి ఇచ్చాను. ఆ రోజు కొంచెం గర్వపడ్డాను కూడా. నేను చేసిందేమీ లేదు, పప్పూ పెరుగూ తినే ఇంట్లో పుట్టానంతే.

యంత్రం చేసే పని పెద్ద మాయేమీ కాదు. నత్రజనిలో కాస్త బరువైన రకం ఒకటుంది. మొక్కల్లో అది తక్కువ. మొక్కలు మేసిన మేకలో ఒక మెట్టు ఎక్కువ. మేకను తిన్న మనిషిలో ఇంకో మెట్టు ఎక్కువ. వెంట్రుక నెలకు సెంటీమీటరు చొప్పున పెరుగుతుంది కాబట్టి, మాడు నుంచి కొసదాకా చదువుకుంటూ పోతే మనిషి ఏ నెలలో ఏం తిన్నదీ తెలిసిపోతుంది. ఇదివరకు ఈ పరీక్షకు వారాలు పట్టేది. ఉపేంద్ర గారూ నేనూ పన్నెండేళ్ళు కుస్తీపట్టి దాన్ని నాలుగు నిమిషాలకు తెచ్చాం. గీత దాటితే ఎర్ర దీపం, దాటకపోతే పచ్చ దీపం.

దీనికి కరెంటుతో సంబంధం ఏమిటంటే, అది వానలు మొహం చాటేసి, జలాశయాలు అడుగంటి, ఇంటికి రోజుకు ఆరు గంటలే కరెంటు ఇస్తున్న కాలం. కోళ్ళ షెడ్లలో తిరిగే ఫ్యాన్లు, దాణా మిల్లులు, మాంసం దాచే కోల్డ్ స్టోరేజీలు ఎంత కరెంటు తాగుతున్నాయో ఎవరో లెక్క తీశారు. కొత్తగా పుట్టిన శక్తి పొదుపు మండలి ఆ లెక్కను పట్టుకుని, మాంసం మానేస్తామని రాసిచ్చిన ఇంటికి పది గంటలు ఇస్తామంది. మీటరు మీద పచ్చటి ఆకు బొమ్మ అంటించేవారు. జనం దాన్ని ఆకు కనెక్షన్ అన్నారు. పాలూ పెరుగూ నెయ్యీ మాత్రం మానక్కర్లేదు. గేదెలు కూడా షెడ్లలో ఫ్యాన్ల కిందే ఉంటాయి కదా అని మొదటి సమావేశంలో నేను అడిగాను. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను, అక్కడితో సరి. మా ఇంటి మీటరు మీదికి ఆకు అడక్కుండానే వచ్చింది. పైన వచ్చిన నాలుగు గంటలూ మా ఇంట్లో ఏసీ నడిచింది.

రాసిచ్చిన ఇల్లు మాట మీద నిలబడిందో లేదో చూడ్డానికే మా యంత్రం. మొదటి ఏడాది జనం తెలివితేటలు చూసి మాకు ముచ్చటేసింది. చిక్కు వెంట్రుకలకు స్టీలు గిన్నెలిచ్చేవాళ్ళు మాలాంటి శాకాహారులుండే వీధుల్లోనే తిరిగి, దొరికిన వెంట్రుకల్ని పరీక్షకు అమ్ముకోసాగారు. అమ్మమ్మల సవరాలకు కూడా గిరాకీ వచ్చింది. దాంతో మా సిబ్బందే వెళ్ళి తల మీద నుంచి కత్తిరించుకు రావాలని నిబంధన పెట్టాం. ఇంట్లో ఎవరి తల అన్న దాని మీద ఒక పూటంతా చర్చ జరిగింది. వంట చేసే మనిషిది తీయాలని నేనే అన్నాను. వండే చెయ్యి రుచి చూడకుండా ఉండదు, కాబట్టి ఇంట్లో దొంగవంట ఉంటే ముందు అక్కడే దొరుకుతుంది అన్నాను. అది మంచి పాయింటు అని ఉపేంద్ర గారు అప్పటికప్పుడే రాయించారు.

ఆ వేసవిలో మా చెల్లెలు మైథిలి తన కొడుక్కి పదకొండో నెలలో పుట్టువెంట్రుకలు తీయించింది. "అక్కా, వీడికి కూడా ఒక ఆకు సర్టిఫికెట్ ఇచ్చెయ్యి" అని నాలుగు వెంట్రుకలు కాగితంలో చుట్టి ఇచ్చింది. సరదాకి యంత్రంలో పెట్టాను. ఎర్ర దీపం వెలిగింది. గీత దాటడమే కాదు, ఒక మెట్టు పైన కూచున్నాడు వాడు.

ఇంటికి వచ్చి చెబితే మా అమ్మ ముఖం పాలిపోయింది. "ఆ యాదమ్మ ఎత్తుకుని తిప్పుతుంటుంది. ఏం పెట్టిందో ఏమో" అంది. యాదమ్మ మైథిలి ఇంట్లో పనిచేసే మనిషి. రెండు రోజులు ఆమె చేతికి పిల్లాడిని ఇవ్వలేదు. ఎందుకు ఇవ్వడం లేదో ఆమెకు ఎవరూ చెప్పలేదు.

మూడో రోజు స్నానం చేస్తుంటే నాకు తట్టింది. పిల్లాడు తాగింది తల్లిపాలు. తల్లిపాలు తల్లి ఒంట్లోంచి వచ్చినవి. మేకను తిన్నవాడు మేక కంటే ఒక మెట్టు పైన ఉన్నట్టే, తల్లిని తాగినవాడు తల్లి కంటే ఒక మెట్టు పైన ఉంటాడు. "వాడు తిన్నది నిన్నేనే" అంటే మైథిలి పడీ పడీ నవ్వింది. యాదమ్మ చేతికి మళ్ళీ పిల్లాడిని ఇచ్చారు. రెండేళ్ళలోపు పిల్లల వెంట్రుకలు తీయకూడదని నిబంధనల్లో ఒక వాక్యం చేర్చి, ఆ సంగతి అక్కడితో మరిచిపోయాను. మరిచిపోకుండా ఇంకో పది నిమిషాలు ఆలోచించి ఉంటే బాగుండేది.

డిసెంబరులో ఆడెపు రాజమల్లు అప్పీలు పట్టుకుని ప్రయోగశాలకు వచ్చాడు. సిరిసిల్లలో ఇంటి ముందుగదిలో రెండు సాంచాలు పెట్టుకుని బట్ట నేసే మనిషి. సాంచా అంటే అక్కడివాళ్ళ మాటలో మరమగ్గం. ఆరు గంటల కరెంటుతో రెండు సాంచాల పని తెమలదు. నూలు ఇచ్చే ఆసామి రెండో సాంచా నూలు ఇంకొకరికి ఇచ్చేస్తాడు. అందుకని ఇంటిల్లిపాదీ మాంసం మానేసి పద్నాలుగు నెలలైంది. నిరుడు పరీక్షలో పచ్చ దీపం వచ్చింది. ఈసారి ఎర్ర దీపం వచ్చి కనెక్షన్ పోయింది. కత్తిరించింది అతని భార్య సుగుణ వెంట్రుక.

"తప్పైతే ఒప్పుకొమ్మని నేనే చెప్పిన మేడం" అన్నాడు. "ఒప్పుకుంటె ఏడాదికి మల్ల ఇస్తరట. ఒప్పుకోకుండ అప్పీలు వోతె రెండేండ్లు ఇయ్యరట. తల్లిగారింట్ల తిన్నవా అని అడిగిన. పెండ్లిల తిన్నవా అని అడిగిన. ఒక్క మాట మాట్లాడది. పిల్లల మీద ఒట్టు వెయ్యమన్న. వెయ్యనన్నది."

సుగుణ గోడవారగా బెంచీ మీద కూచుని ఉంది. ముప్పై అయిదేళ్ళుంటాయేమో. మోచేతి దాకా జారిపోతున్న గాజుల్ని మాటిమాటికీ కిందికి లాక్కుంటోంది.

"ఒట్టెందుకు వెయ్యనన్నావు?" అని అడిగాను.

"నన్ను నమ్మకుంటె మానె, పిల్లలను మధ్యల ఎందుకు తేవాలె మేడం" అంది. "తినంది తిన్ననని ఎట్ల జెప్పాలె."

అందరూ ఇదే మాట అంటారు. మా ప్రయోగశాల పరిధిలో అప్పటికి ఆరు వందల పద్నాలుగు కనెక్షన్లు రద్దు చేస్తూ నేను సంతకాలు పెట్టాను. "యంత్రానికి మీరంటే కోపం ఉండదు కదమ్మా" అన్నాను. ఆ మాట అన్నందుకు నన్ను నేను ఇప్పటికీ తిట్టుకుంటాను.

అప్పీలు కాబట్టి నాలుగు నిమిషాల పరీక్ష కాకుండా వెంట్రుక పొడుగునా చదవాలి. కత్తెర పెట్టబోతే పాయ సగం చేతికే ఊడి వచ్చింది. మధ్యాహ్నానికల్లా గీత కాగితం మీదికి వచ్చింది. ప్రతిజ్ఞకు ముందు నెలల్లో గీత గుట్టలు గుట్టలుగా ఉంది. అది ఆదివారాల కోడికూర, దసరా యాటకూర. ప్రతిజ్ఞ తర్వాత గుట్టలు మాయమై గీత చదునుగా పడుకుంది. అంటే నిజంగానే మానేసింది. నాలుగో నెల నుంచి మాత్రం గీత మెల్లగా పైకి లేచింది. పండగలూ పెళ్ళిళ్ళూ అని లేదు, ఒకే తీరున నెలనెలా ఎక్కుతూ పోయింది. దొంగతనంగా తినేవాళ్ళ గీత ఇలా ఉండదు. దొంగతిండి ఎప్పుడో ఒకసారి దొరుకుతుంది, రోజూ దొరకదు. పైగా మాంసం తింటే దాంతోపాటు కర్బనం గీత కూడా కదలాలి. నాలుగు నిమిషాల పరీక్షలో మేము కర్బనాన్ని చూడం. ఆమె కర్బనం గీత పద్నాలుగు నెలలుగా ఉన్నచోటే ఉంది.

నాకు ఏమీ అర్థం కాలేదు. మర్నాడు బస్సెక్కి సిరిసిల్ల వెళ్ళాను.

ఆకు కనెక్షన్ పోయినా ఆ వారానికి ఇంకా పది గంటల కరెంటే వస్తోంది. సాంచాల చప్పుడు వీధి మొగదాకా వినిపిస్తోంది. ఒక సాంచా మీద రాజమల్లు, ఇంకోదాని మీద సుగుణ. రాజమల్లు తల్లి పోశవ్వ గడప దగ్గర కూచుని నూలు కండెలు చుడుతోంది. నన్ను చూసి ఆమె లేచి నించుంది.

"నువ్వేనా బిడ్డా ఎంటికల మిషన్ మేడం" అంది. "నా కొడుక్కి బుద్ధి లేదు. కోడలు దొంగతిండి తిన్నదంటె నేనొప్పుకోను. దాని ముఖం జూడు. అది తిన్న ముఖమేనా?"

ఆమె అడిగినంత సూటిగా మేము యంత్రాన్ని కూడా ఎన్నడూ అడగలేదు.

మధ్యాహ్నం కరెంటు ఆగగానే సుగుణ సాంచా దగ్గర నుంచి పొయ్యి దగ్గరికి వెళ్ళింది. బడి నుంచి ఇద్దరు ఆడపిల్లలు వచ్చారు. వద్దన్నా వినకుండా నాకూ పీట వేశారు. ఇంటికి వచ్చిన మనిషి తినకుండా పోతే వాళ్ళకు నామోషీ. పిల్లలకు, రాజమల్లుకు, పోశవ్వకు వడ్డించి, పప్పు గిన్నె అడుగు గరిటెతో గీకి మిగిలిందంతా నా పళ్ళెంలో వేసింది సుగుణ. అందరూ రాసిచ్చినప్పటి నుంచి ఊళ్ళో పప్పు దొరకడం కష్టమైందని, వారానికి ఇంతే అని రాజమల్లు చెబుతుంటే వింటూ తిన్నాను. పప్పు చింతకాయతో చేసింది, బాగుంది. రెండోసారి కలుపుకున్నాను కూడా.

తిని చెయ్యి కడుక్కుని వచ్చేసరికి సుగుణ గంజిలో ఉప్పు వేసుకుని, నించునే తాగుతోంది.

"నీ అన్నం ఏది సుగుణా?"

"అయిపాయె మేడం. మిగుల్తె తింట, లేకుంటె గంజి. రోజు గిట్లనే గాదు, అప్పుడప్పుడు."

"ఎన్ని రోజులకు ఒకసారి మిగులుతుంది?"

ఆమె ఆలోచించింది. "కోడికూర వొండే రోజులల్ల షోర్వ నీళ్ళన్న మిగిలేది. పప్పు మిగలది" అంది.

"ఆకలి కాదా?"

"సాంచా కాడ నిలవడితె తెల్వది. ఆ చప్పుడుల ఏది తెల్వది."

నేను ఆమె వంతు పప్పు తిన్నానని అప్పుడు అర్థమైంది. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ సిగ్గులోనే పుట్టువెంట్రుకల పిల్లాడు గుర్తొచ్చాడు. వాడు తల్లిని తాగి ఒక మెట్టు పైకి ఎక్కాడు. మరి ఈమె ఎవరిని తింటోంది?

తిండి చాలకపోతే ఒళ్ళు ఊరుకోదు. తన కండనే కరిగించుకుని బతుకుతుంది. యంత్రానికి కండ కండే, మేకదా మనిషిదా అన్న తేడా దానికి లేదు. కొలబద్దగా మేము పెట్టింది మూడు పూటలా కడుపు నిండిన మనిషి వెంట్రుక. ఆకలి ఎలా ఉంటుందో దానికి తెలియదు. పైగా మండలి ఇచ్చిన నాలుగు గంటల కరెంటుకు నాలుగు గంటల మనిషి కూడా కావాలి. రాజమల్లు అప్పటికే పొద్దంతా నిలబడుతున్నాడు. ఆ నాలుగు గంటల మనిషి సుగుణ. శక్తి ఊరికే పుట్టదు, ఒకచోట తరిగితేనే ఇంకోచోట పెరుగుతుందని ఎనిమిదో తరగతిలోనే చెప్పారు నాకు. చదివి మార్కులు తెచ్చుకున్నాను.

మర్నాడు ఉపేంద్ర గారు గీతల కాగితాన్ని చాలాసేపు చూశారు. ఆయన చెడ్డ మనిషి కాదు. "మీరు చెప్పింది నిజమే అయ్యుంటుంది" అన్నారు. "కానీ ఒక్క మనిషి విషయంలో యంత్రం తప్పింది అంటే రేపు ప్రతివాడూ అదే అంటాడు. పథకం మొత్తం కూలుతుంది. అలా మిగిలే కరెంటు మీద నడిచే ఆసుపత్రులు కూడా ఉన్నాయి వకుళ గారూ."

"యంత్రం తప్పిందని నేను అనడం లేదు సార్. మాంసం ఉందనే అంటున్నాను" అన్నాను.

అప్పీలు ఫారంలో రెండే గడులు. మాంసం ఆనవాలు ఉందా, లేదా అన్నది మొదటిది. ఉంటే ఏ రకం అన్నది రెండోది: కోడి, మేక, చేప, గుడ్డు, ఇతర. మొదటి గడిలో 'ఉంది' అని రాశాను. రెండో గడిలో 'ఇతర' దగ్గర టిక్కు పెట్టి, పక్కన 'ఆమె సొంతది' అని రాశాను. కింద సంతకం చేసి ఆయన ముందుకు జరిపాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, తన సంతకం కూడా పెట్టారు.

మూడు వారాలకు మండలి నుంచి జవాబు వచ్చింది. అందులో మూడు అంశాలున్నాయి. ఆడెపు వారి కనెక్షన్‌ను ప్రత్యేక సందర్భంగా పరిగణించి పునరుద్ధరించడమైనది. ఫారంలో అయోమయానికి తావిస్తున్న 'ఇతర' అనే గడి తొలగించడమైనది. ఇకమీదట వంట చేసేవారి వెంట్రుకలు కాక, ఇంటి యజమాని అయిన పురుషుని వెంట్రుకలు మాత్రమే సేకరించవలెను.

ఒళ్ళు మండిపోయింది నాకు. చేతకాక, తెలియక చేసిన తప్పు మాది. ఇది తెలిసి చేసింది. ఆకలి కనబడుతోందంటే ఆకలి తీర్చలేదు, కనబడని చోటికి చూపు తిప్పుకున్నారు.

పునరుద్ధరణ కాగితం పట్టుకుని మళ్ళీ సిరిసిల్ల వెళ్ళాను. అప్పటికి ఆరు గంటలే కరెంటు వస్తోంది. రెండో సాంచా మీద నూలు ఇంకా ఉంది గానీ, అది ఆగి ఉంది. రాజమల్లు కాగితం తీసుకుని, వెనక జత చేసిన నా ఫారం కూడా చదివాడు.

"గిదేంది మేడం, 'ఆమె సొంతది' అంటె?"

చెప్పాను. పిల్లాడి సంగతి, గీత సంగతి, గంజి సంగతి, ఆ రోజు నేను తిన్న పప్పు సంగతి. మాటలు వెతుక్కోకుండా ఉన్నది ఉన్నట్టు చెప్పాను. అతను సాంచా పక్కన నేల మీదే కూలబడ్డాడు. ఏడుస్తాడేమో అనుకున్నాను, ఏడవలేదు.

"ఒప్పుకొమ్మని నెల దినాలు కొట్లాడిన" అన్నాడు. "పిల్లల ముంగట కొట్లాడిన."

సుగుణ లోపలి గుమ్మంలో నించుని ఉంది. "కనెక్షన్ వచ్చింది గద. ఇగ సాంచా పెట్టుకుందాం" అంది. ఆమె గొంతులో కోపం లేదు, సంతోషం లేదు. ఆగిపోయిన పని మొదలవ్వాలన్న తొందర ఒక్కటే ఉంది.

"వద్దు" అన్నాడు రాజమల్లు. లేచి బయటికి వెళ్ళి, మీటరు మీద పచ్చటి ఆకు బొమ్మను గోటితో గీకి తీసేశాడు. అంచు చిరిగి సగం అంటుకునే ఉండిపోతే తడిగుడ్డతో రుద్దాడు. "ఒక్క సాంచా నడుపుకుందాం. ఉన్నకాడికి తిందాం. ముందుగాల నువ్వు తినాలె, గంతే."

"ఒక్క సాంచాతోని ఎట్ల ఎల్తది?" అని సుగుణ అడిగింది. పోశవ్వ ఎవరినీ అడగకుండా పక్కింటికి వెళ్ళి రెండు కోడిగుడ్లు అడిగి తెచ్చింది. అట్టు వేసి, కోడలి పళ్ళెంలో పెట్టి, ఎదురుగా కూచుంది. సుగుణ నా వైపు చూసి, మొగుడి వైపు చూసి, అలవాటు లేని పనిచేస్తున్న మనిషిలా మెల్లగా తిన్నది.

వెళ్ళేటప్పుడు ఆమె తలలోంచి ఒక వెంట్రుక లాగి ఇచ్చింది. "సూడు మేడం, గీత దిగిందా" అంది. అప్పుడే దిగదని చెప్పాను. ఇవాళ తిన్న గుడ్డు మాడు దాటి పైకి రావడానికే వారం పడుతుంది. గీత చదును కావడానికి మూడు నాలుగు నెలలు ఆగాలి.

రద్దయిన ఆరు వందల పద్నాలుగు ఇళ్ళ వెంట్రుకలూ మా బీరువాలోనే ఉన్నాయి, నా పాయ పక్కనే. రోజూ ఆఫీసు పని ముగిశాక గంటసేపు కూచుని ఒక్కోదాన్ని పొడుగునా చదివాను. గుట్టలున్న గీతలు నాలుగు వందల రెండు. వాళ్ళు నిజంగానే తిన్నారు, తిననీ. గుట్టల్లేకుండా నెలనెలా పైకి ఎక్కిన గీతలు రెండు వందల పన్నెండు. అన్నీ ఆడవాళ్ళవి. అన్ని కాగితాల కిందా నా సంతకం ఉంది. ఆ ఇళ్ళల్లో ఎవరెవరు ఎవరెవరి మీద ఒట్లు వేయించారో, ఎవరు చేయని తప్పు ఒప్పుకున్నారో నాకు తెలియదు.

వాళ్ళకు కనెక్షన్ ఇప్పించే అధికారం నాకు లేదు. చిరునామాలు మాత్రం ఉన్నాయి. ప్రయోగశాల లెటర్‌హెడ్ వాడొద్దన్నారు కాబట్టి తెల్లకాగితం మీద, నా చేత్తో, ఇంటింటికీ ఒకే ఉత్తరం రాస్తున్నాను. ఈ పూటకు నూట ముప్పై ఒకటో ఇంటికి వచ్చాను.

'మీ ఇంట్లో ఎవరూ దొంగతనంగా తినలేదు. మా యంత్రానికి కనిపించిన మాంసం మీకు వండిపెట్టే మనిషి ఒంటిది. ఇవాళ ఆమెకు ముందు వడ్డించండి. ఆమె తినేదాకా ఎదురుగా కూచోండి. ఇట్లు, మీ కనెక్షన్ తీసేయమని సంతకం పెట్టిన మాడభూషి వకుళ.'